ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే బ్యాటరీ వైరు పీకమంటారా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ బండ్ల పేజీలో వచ్చిన ఆ జవాబు చదివి నాలుగు రోజులు ఊరుకుందామనే చూశాను, వల్లకాక రాస్తున్నా. ఎవరో పాపం స్టీరింగ్ మీద హారన్ మోగట్లేదు, మీటర్లో ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరట్లేదు, బండి నడపొచ్చా అని అడిగితే మీ నిపుణుడు గారు రెండు లైన్లలో తేల్చేశారు. చిన్న ఎలక్ట్రికల్ సమస్యంట, డ్రైవింగ్‌కి ఇబ్బంది లేదంట, బ్యాటరీ మైనస్ వైరు పది నిమిషాలు పీకి పెడితే లైటు పోతుందంట. లోపల తెగింది తెగినట్టే ఉంటే ఆ లైటు మళ్ళీ వెలుగుతుందండీ. పోయిందే అనుకుందాం, కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని మీటరు మీద గోనెపట్టా కప్పుకున్నట్టు కాదా అది?

నాకెందుకింత మంట అంటే ఈ బాధ నేను మూడు నెలలు పడ్డాను. మా బెంగళూరు రామ్మూర్తి నగర్ వైపు గుంతల సంగతి మీకు చెప్పక్కర్లేదు, వానాకాలం వచ్చిందంటే ఫొటోలు మీరే వేస్తారు. ముందు చక్రాల దగ్గర టకటకమంటుంటే స్టీరింగ్ ర్యాక్, అదే స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాల్ని తిప్పే భాగం, పోయిందన్నారు, మార్పించాను, బిల్లు చూసి ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. బండి తెచ్చుకున్న మర్నాడే అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంప్‌లో స్టీరింగ్ తిప్పుతుంటే లోపల్నుంచి ఎండుటాకులు నలిపినట్టు గరగరమని శబ్దం. కొత్త పార్టు కదా సర్దుకుంటుందిలే అనుకున్నా. వారానికి స్టీరింగ్ మీద పాట పెంచే బటన్లు చచ్చాయి, ఆ తర్వాత హారన్‌కి పిచ్చి పట్టింది, కుడికి తిప్పి నొక్కితే మోగుతుంది, నేరుగా పెట్టి నొక్కితే మోగదు. ఆఖరికి ఎర్ర లైటు వచ్చింది, అదే సీట్లో కూచున్న మనిషి బొమ్మ, ఆయన ముందర గుండ్రటి బంతి.

మొదటి వర్క్‌షాపు వాళ్ళు మాకు సంబంధం లేదన్నారు, వాళ్ళ పేరెందుకులెండి. జేసీ రోడ్డులో ఒక పాత మెకానిక్ దగ్గరికి పోతే ఆయన బ్యాటరీ వైరు తీసి, టీ తాగి, మళ్ళీ ఓ సిగరెట్ కాల్చి అప్పుడు స్టీరింగ్ మీద చెయ్యేశాడు. ఎందుకన్నా ఇంత ఆలస్యం అంటే, ఎయిర్‌బ్యాగ్ డబ్బాలో కరెంటు కాసేపు నిలవుంటుంది సార్, అది నా మొహం మీద పేలకూడదు కదా అన్నాడు. మీ నిపుణుడు వైరు పీకమన్నది లైటు కోసం, ఈయన పీకింది ప్రాణం కోసం, తేడా గమనించండి.

ఆయన బయటికి తీసిన వస్తువు పేరు క్లాక్ స్ప్రింగ్, కొన్ని కంపెనీల వాళ్ళు స్పైరల్ కేబుల్ అంటారు. అరచేతంత నల్ల ప్లాస్టిక్ డబ్బా. లోపల పాత క్యాసెట్లో టేపు చుట్టినట్టు పల్చటి రిబ్బన్, అందులో సన్నటి రాగి తీగలు. స్టీరింగ్ తిరుగుతుంది కానీ కారు వైరింగ్ తిరగదు కదా, మామూలు వైరు పెడితే నాలుగు మలుపులకే మెలిపడి తెగుతుంది, అందుకని ఈ చుట్ట. మధ్యలోంచి అటు రెండున్నర మూడు చుట్లు, ఇటు అంతే, అంతకు మించి తిప్పితే తెగిపోతుంది. ర్యాక్ మార్చేటప్పుడు స్టీరింగ్ కదలకుండా కట్టెయ్యాలంట, ఆ కుర్రాళ్ళు వదిలేసినట్టున్నారు, అది ఇష్టమొచ్చినట్టు తిరిగింది. రిబ్బన్ మీద గోరు పెట్టి చూపించాడు, మడత పడిన చోట తెల్లగా వెంట్రుక మందం చీలిక. హారన్, బటన్లు, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, అన్నిటి కరెంటూ పోవాల్సింది ఆ చీలిక మీదుగానే. బండి గుద్దుకున్నప్పుడు సెకనులో పదో వంతు కూడా పట్టకుండా విచ్చుకోవాల్సిన బ్యాగ్, తెగిన తీగ దగ్గర ఆగిపోతే ఇంకేం విచ్చుకుంటుంది?

మీ నిపుణుడు చెప్పిన దాంట్లో ఒక్కటి నిజం, ఒప్పుకుంటా. ఈ రిబ్బన్ తెగితే స్టీరింగ్ తిరగడం ఆగదు, లాక్ కాదు. చక్రాన్ని తిప్పేది ఇనుప రాడ్డు, వైరు కాదు. పవర్ స్టీరింగ్ కరెంటు పోయినా బరువెక్కుతుందే గానీ తిరుగుతుంది. అంతవరకు కంగారు వద్దు. కానీ తిరుగుతోంది కాబట్టి ఇబ్బంది లేదు అనేశారే, అక్కడే నాకు ఒళ్ళు మండింది.

మాది చిత్తూరు దగ్గర బంగారుపాళ్యం, రెండో శనివారం వస్తే అమ్మ దగ్గరికి పోవాలి. పలమనేరు దాటాక మొగిలి ఘాట్ సంగతి అటు తిరిగేవాళ్ళకి తెలుసు, అక్కడి యాక్సిడెంట్లు మీ పేపర్లోనే ఎన్నిసార్లు చదివానో. ఆ రోజు పొద్దున ఆరున్నర, మంచు, ఒక మలుపులో ఎదురుగా టమాటా బాక్సుల లారీ ఇంకో లారీని దాటుకుంటా నా వైపుకొచ్చేసింది. బొటనవేలు పెట్టి నొక్కా. ఏం లేదు. అరచేత్తో గుద్దా. ఏం లేదు. ఎడమ చెయ్యి హెడ్‌లైట్ కాడ మీదికి పొయ్యి టకటకా డిప్పర్ కొట్టేసరికి వాడు చూసి లోపలికి కోశాడు. పక్క సీట్లో మా ఆవిడ చేతిలో ఫ్లాస్కు మూత, కాఫీ మొత్తం ఒళ్ళో. ఇబ్బంది లేదంట!

ఇంకో ముచ్చట, ఇది అసలైంది. జేసీ రోడ్డుకి పోకముందు ఇంకొకడు నాకు చెప్పిన ఉపాయం వినండి. సార్, లైటే కదా మీ బాధ, ఒక రెసిస్టర్, అదే కరెంటుకి అడ్డం పెట్టే చిన్న ముక్క, పెట్టేస్తే ఎయిర్‌బ్యాగ్ ఉందనుకుని ఆరిపోతుంది, యాభై రూపాయలు చాలు, కొత్త పార్టు ఆరు వేలు ఎందుకు అన్నాడు. నేను వద్దన్నా గానీ, ఎంతమంది సరే అనుంటారు? అలాంటి బండ్లన్నీ ఆ తర్వాత శుభ్రంగా కడిగి, పాలిష్ కొట్టి, సెకండ్ హ్యాండ్‌లో మనకే అమ్ముతారు. కొనేవాళ్ళు ఒకటి చూసుకోండి, తాళం ఆన్ చెయ్యగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగనే లేదంటే బల్బు పీకేశారేమో అని అనుమానించాలి. వెలిగి ఆరినా రెసిస్టర్ పెట్టి ఉండొచ్చు, స్టీరింగ్ ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పుతూ హారన్ నొక్కి చూడండి, కారు కంప్యూటర్‌లోని లోపాలు చదివే స్కానర్ ఉన్నవాడికి చూపించండి.

పార్టు దొరికేదాకా ఏం చెయ్యాలో మీ పేజీలో ఒక్క ముక్క రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నా. సీట్ బెల్ట్ మానొద్దు, ఎయిర్‌బ్యాగ్ అనేదే బెల్టుకి తోడు. ఘాట్లు, రాత్రి హైవే ఆపెయ్యండి. నేనైతే ఆటోవాళ్ళు పెట్టుకున్నట్టు డ్యాష్‌బోర్డ్ కింద హారన్‌కి విడిగా ఒక బటన్ పెట్టించుకుని ఊళ్ళో మాత్రం తిరిగాను, దానికి ఎయిర్‌బ్యాగ్ వైర్లతో పని లేదు. పసుపు రంగు కనెక్టర్లుంటాయి, అవే ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిలో కరెంటు కొలిచే మల్టీమీటర్ పెట్టి చూసే తెలివి ఎవరికీ వద్దు, ఆ కాస్త కరెంటుకే పేలొచ్చు. కొత్త క్లాక్ స్ప్రింగ్‌కి పిన్నో టేపో వేసి మధ్యలో లాక్ చేసి పంపిస్తారు, చక్రాలు నేరుగా పెట్టి బిగించేదాకా అది తియ్యకూడదు, తీసి గిర్రున తిప్పి చూశారంటే ఆరు వేలూ అక్కడే పోయినట్టు.

ఇది చిన్న విషయమైతే 2014 ఏప్రిల్‌లో టయోటా ప్రపంచమంతా కలిపి 60 లక్షలకు పైగా బండ్లు ఎందుకు వెనక్కి పిలిచింది? వాళ్ళు చెప్పిన కారణాల్లో ఈ స్పైరల్ కేబుల్ ఒకటి. మన ఇన్నోవాలూ అందులో ఉన్నాయి, ఇక్కడ బిడదిలో తయారయ్యేవే. తప్పు ఒప్పుకుని పిలిచారు, అది పద్ధతి. మన దగ్గర ఇలా వెనక్కి పిలవడానికి, అంటే రీకాల్‌కి, మోటారు వాహనాల చట్టంలో చోటు దొరికింది 2019 సవరణలో, అప్పటిదాకా అంతా కంపెనీల దయ.

ఇక మన అధికారుల సంగతి. 2019 జులై నుంచి కొత్త కార్లకి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అన్నారు, స్పీడు 80 దాటితే బీప్ కొట్టాలన్నారు, సంతోషం. అమ్మాక ఆ బ్యాగ్ బతికుందో లేదో 15 ఏళ్ళకి రిజిస్ట్రేషన్ పొడిగించేదాకా చూసే దిక్కు లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్‌కి పోతే పొగ ఒకటే చూస్తారు. ఇన్సూరెన్స్‌వాడు ఫొటోలు తీసుకుంటాడు, డ్యాష్‌బోర్డ్ వైపు చూడడు. హారన్ గట్టిగా ఉంటే ఫైన్ వేస్తారు, అసలు లేకపోతే అడిగే నాథుడు లేడు, రూల్సులో మాత్రం ప్రతి బండికి హారన్ ఉండాలనే రాసుంది. ఎర్ర లైటు వెలుగుతుండగానే నన్ను ఒక జంక్షన్‌లో ఆపారు, ఎందుకో తెలుసా, నాది ఏపీ నంబర్. వేరే రాష్ట్రం బండి 12 నెలల కంటే ఎక్కువ ఇక్కడ ఉంటే లైఫ్ ట్యాక్స్ కట్టాలి కదా, ఆ లెక్క. నెలనెలా ఊరికి పోయొస్తున్నట్టు టోల్ చీటీలు, ఫాస్టాగ్ మెసేజీలు గ్లవ్ బాక్సులోంచి ఫోన్లోంచి ఒక్కొక్కటి తీసి చూపించా, ఇరవై నిమిషాలు. ఆయన తల కిటికీలో పెట్టి మీటర్ వైపే చూస్తున్నాడు, ఆ లైటు ఆయన మొహానికి అడుగు దూరంలో వెలుగుతోంది. అదేంటని అడగలేదు. ట్యాక్స్ కట్టమంటే కడతాం, ఇక్కడ కారు రేటులో 13 నుంచి 18 శాతం దాకా తీసుకుంటున్నారు, కట్టిన వాళ్ళకేమన్నా గుంతలు లేని రోడ్డు వేరుగా వేశారా? ఉన్న ఒక్క కార్పొరేషన్ 2025లో ఐదయ్యాయి, ఇప్పుడు ముందు గుంత ఎవరి వాటాలో ఉందో కనుక్కోవాలి, తర్వాత ఫిర్యాదు. ఆ గుంతతోనే ర్యాక్ పోయింది, ర్యాక్‌తోనే రిబ్బన్ పోయింది, నేను ఊరికే తిట్టట్లేదు.

ఆ జవాబుకి సవరణ వెయ్యండి. మూల మీద చీమ తలంత అక్షరాల్లో కాకుండా అదే పేజీలో, అదే సైజులో. చదివి బ్యాటరీ వైరు పీకినవాళ్ళు ఎంతమందో మీకూ తెలీదు, నాకూ తెలీదు.

నా బండికి పార్టు పడింది. బిగించిన రోజు రాత్రి బేస్‌మెంట్లో నమ్మకం కుదరక అటూ ఇటూ తిప్పుతూ ఆరేడుసార్లు హారన్ కొట్టి చూసుకున్నా. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి ఏమైంది సార్ అన్నాడు.

ఇట్లు,
మీ పాత చందాదారు ఒకడు,
రామ్మూర్తి నగర్, బెంగళూరు