పాకాల అక్కకు, ఆమె కొడుక్కి, ఇంకా అందరికీ

మా ఆవిడకు గుండెలో వాల్వు మార్చారు. నిన్న సాయంత్రం ఇంటికి తెచ్చుకున్నాం. బాగానే ఉంది, గంజి తాగింది, నన్ను రెండు మాటలు తిట్టింది కూడా. ఫోన్ చేసి అడుగుతున్న వాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైంది. అందుకే అందరికీ ఒకేసారి రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

ఆసుపత్రి తిరుపతిలోనిదే. పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద కాస్త కోపం కూడా వెళ్ళగక్కబోతున్నాను. ఆపరేషన్ చేసిన డాక్టర్లకు, ఐసీయూ సిస్టర్లకు మాత్రం రెండు చేతులెత్తి దండం.

మా అన్న, బావమరిది, పిల్లల్ని చూసుకున్న మా అమ్మ, అత్తమ్మ. వీళ్ళకు థాంక్స్ చెబితే ఇంట్లో తిడతారు. కాబట్టి వదిలేస్తున్నాను.

ఏం జరిగిందో ముందు చెప్తాను, చాలామంది అడిగారు. రెండేళ్ళుగా ఆమెకు మెట్లెక్కితే ఆయాసం. రక్తం తక్కువన్నారు, టానిక్ తాగింది. తర్వాత ఆస్తమా అన్నారు, ఇన్‌హేలర్ వాడింది. రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేది. చివరికి పుత్తూరులో ఒక డాక్టరు స్టెత్ పెట్టి చాలాసేపు విని, ఏమీ చెప్పకుండా ఎకో అనే గుండె స్కానింగ్‌కు చీటీ రాశాడు. ఆ డాక్టరుకు మొదటి థాంక్స్.

మైట్రల్ వాల్వు దాదాపు మూసుకుపోయిందని ఎకోలో తేలింది. ఊపిరితిత్తుల నుంచి వచ్చిన మంచి రక్తం గుండె ఎడమ వైపు పై గది నుంచి కింది గదికి దిగే దారిలోని తలుపు అది. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాలట. ఈమెది ఒకటి కూడా లేదు, చిటికెన వేలు సరిగ్గా దూరనంత. రక్తం దిగక వెనక్కి ఊపిరితిత్తుల్లో నిలిచిపోతోంది, ఆయాసం అందుకే.

చిన్నప్పుడు గొంతు నొప్పి, జ్వరం వచ్చి కీళ్ళు వాచాయా అని డాక్టరు అడిగాడు. మా అత్తమ్మ వెంటనే చెప్పింది, ఏడో క్లాసులో ఒక మోకాలు తగ్గితే ఇంకో మోకాలు వాచేదని, వాతమని పసరు కట్టించారని. అదే రుమాటిక్ ఫీవరట. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి మీద మన ఒంట్లోని రక్షణ తిరగబడి, ఆ పోరులో కీళ్ళను, గుండె వాల్వులను కూడా దెబ్బతీస్తుంది. కీళ్ళ నొప్పి పోతుంది. వాల్వు దెబ్బ మాత్రం లోపలే ఉండి, ఏళ్ళ తరబడి మందమై, అతుక్కుపోతుంది. మీ ఇంట్లో పిల్లలకు గొంతు నొప్పి తర్వాత ఇలా కీళ్ళు వాస్తే పసర్ల దగ్గర ఆగకండి. పిల్లలకైతే 2021 నుంచి తిరుపతిలోనే శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది.

బెలూన్‌తో తెరిచేస్తారని, కోత ఉండదని మాకు ఎవరో చెప్పారు. నిజమే, తొడ దగ్గర నరంలోంచి బెలూన్ పంపి అతుక్కున్న వాల్వును విడదీస్తారు. ఇనోవే అనే జపాన్ డాక్టరు 1980లలో తెచ్చిన పద్ధతి. వాల్వు మెత్తగా ఉంటే అదే మేలట. ఈమె వాల్వులో సున్నం పేరుకుంది, పై గదిలో రక్తం గడ్డ కూడా ఉంది. బెలూన్ పంపితే ఆ గడ్డ కదిలి మెదడుకు పోవచ్చట. కాబట్టి ఛాతీ తెరిచి మార్చాల్సిందే అన్నారు.

ఇప్పుడు అసలు మనిషి సంగతి.

ఆపరేషన్‌కు ముందు రోజు మా ఆవిడ అడ్డం తిరిగింది. వార్డులో ఎవరో గుండెను ఆపి చేస్తారని చెప్పేశారు. "ఆపింది మళ్ళీ కొట్టుకోకపోతే ఎవరు జవాబు చెప్తారు, ఇంటికి పోదాం పద" అని పట్టు పట్టింది. నేను ఏం చెప్పినా వినలేదు. సర్జన్ వచ్చి చెప్పినా తల ఊపింది కానీ నమ్మలేదు. రక్త పరీక్షల గది బయట బెంచీ మీద కూర్చొని ఏడుస్తోంది.

పక్కన ఒకావిడ, యాభై లోపు ఉంటుంది, చేతిలో వైరు బుట్ట. మావైపు కాసేపు చూసి, "ఏం పాపా, వాల్వా?" అంది. అవునన్నాను. "నాదీ వాల్వే. పన్నెండేండ్లయింది. పాకాల టేషను కాడ ఇడ్లీలు పోస్తా ఉండా. పొద్దున మూడింటికి లేస్తా" అంది. మా ఆవిడ తలెత్తి చూసింది కానీ ఏమీ అనలేదు.

అప్పుడు ఆ అక్క ఏం చేసిందంటే, అంతమంది జనంలో, మా ఆవిడ తల పట్టుకొని తన గుండెకు ఆనించుకుంది. "వినుకో. టిక్కు టిక్కుమంటా ఉండాది గదా. అదే. మావోడు చిన్నప్పుడు దీన్ని వింటానే నిద్రపోయేవాడు" అంది. మా ఆవిడ అలాగే చెవి పెట్టి ఉండిపోయింది. బెంచీ మీద వాళ్ళు, ట్రాలీ తోసే అబ్బాయి, అందరూ చూస్తున్నారు. ఇద్దరికీ పట్టలేదు. చాలాసేపటికి అలా ఉండే అడిగింది, "గుండె ఆపినప్పుడు తెలిసిందా అక్కా?" అని. "ఏందీ తెలీలా. లేసినాక దప్పిక, అంతే. నీళ్ళు పొయ్యరు. అది మాత్రం ముందే చెప్తా ఉండా, అందర్నీ తిట్టుకుంటావు."

నీళ్ళ మాటకు మా ఆవిడ నవ్వింది. సంతకం పెడతానంది.

నన్ను కదిలించింది ఇంకొకటి. ఆ అక్క బుట్టలోంచి ఒక నోట్‌బుక్ తీసింది, స్కూలు పిల్లల గీతల పుస్తకం, ప్లాస్టిక్ కవరు తొడిగి ఉంది. లోహపు వాల్వు వేస్తే దాని మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం పలచబరిచే మాత్ర వేసుకోవాలి. రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్ఆర్ అనే పరీక్ష చేయించుకుంటూ మాత్ర తగ్గించడం, పెంచడం చేస్తారు. మైట్రల్ లోహపు వాల్వుకు ఆ అంకె 2.5, 3.5 మధ్య ఉండాలంటారు. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఆ లెక్కలన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. తేదీ, ఐఎన్ఆర్, మాత్ర ఎంత. ఆమెకు చదువు రాదు, కొడుకు రాస్తాడు. మొదటి పేజీల్లో పెన్సిల్‌తో, గుండ్రంగా, గీతకు ఆనించి రాసిన ఐదో క్లాసు పిల్లవాడి అక్షరాలు. "అమ్మ ఈ రోజు ఆకుకూర తినింది" అని ఒకచోట పక్కన రాసుకున్నాడు. తిప్పుతూ పోతే అంకెలు చిన్నవయ్యాయి, పెన్ను వచ్చింది, వాలు రాత వచ్చింది. చివరి పేజీల్లో పెద్దవాడి గీకుడు రాత.

నేను ఆ పుస్తకం ఆమెకు తిరిగి ఇచ్చి, మెట్ల వెనక్కి పోయి ఏడ్చాను. మా పాప ఇప్పుడు ఆరో క్లాసు.

ఆ సాయంత్రం బ్లడ్ బ్యాంకు వాళ్ళు ఇంకా దాతలు కావాలన్నారు. నేను ఫోన్లు చేస్తుంటే ఆ అక్క విని, చంద్రగిరిలో మెకానిక్ షెడ్డులో పనిచేసే కొడుక్కి ఫోన్ చేసింది. గ్రీజు చేతులతోనే ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకొని వచ్చాడు. ముగ్గురూ రక్తం ఇచ్చారు. కాఫీకని జేబులో డబ్బులు పెడితే ఆ అబ్బాయి తీసి మళ్ళీ నా చేతిలోనే పెట్టాడు. అక్క ఇంటికి పోయే కాట్పాడి వైపు రైలు వదులుకొని రాత్రికి అక్కడే ఉండిపోయింది. మరుసటి రోజు ఇడ్లీ వ్యాపారం పోయినట్టే. "ఒక్క దినం పాకాలోళ్ళు దోసెలు తింటార్లే సామీ" అంది. పేరు రాయొద్దంది కాబట్టి రాయడం లేదు.

ఇక కోపం. ఆ అక్క మాకు ఎందుకు తటస్థపడింది? ఆ ఐఎన్ఆర్ పరీక్షకు పాకాల నుంచి తిరుపతికి రావాలి కాబట్టి! పన్నెండేళ్ళుగా నెలనెలా రైలెక్కి వచ్చి, ఒక రోజు సంపాదన పోగొట్టుకొని, ఒక అంకె తెలుసుకొని పోతోంది. మా ఊరి సర్కారు ఆసుపత్రిలోనూ ఆ పరీక్ష లేదు, అడిగి వచ్చాను. షుగరు పరీక్ష సందు సందుకూ ఉంది. వేలి మీద చుక్క రక్తంతో ఐఎన్ఆర్ చూసే చిన్న మిషన్లు లోకంలో ఉన్నాయి. సర్కారు పథకం కింద లక్షలు పెట్టి ఉచితంగా ఆపరేషన్ చేయించిన వాళ్ళు, ఆ తర్వాత మనిషి బతకడానికి కావాల్సిన పరీక్షను ఊరి దాకా ఎందుకు తేలేరో నాకు అర్థం కావడం లేదు.

ఆ పథకం కింద ఆపరేషన్‌కు అప్రూవల్ తెచ్చుకున్న సంగతి కూడా చెప్తాను. రేషన్ కార్డులో మా ఆవిడ ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. మనిషి ఆయాసంతో కుర్చీలో ఉంటే, కౌంటరులో ఆయన "సర్వర్ ఒప్పుకోవట్లేదు" అంటాడు. ఊరికి పోయి కాగితం తెచ్చేసరికి ఇచ్చిన ఆపరేషన్ తేదీ దాటిపోయింది. ఆయన తప్పు కూడా కాదేమో, ఆయన ముందున్న తెర ఏం చెబితే అది చెప్తాడు. కానీ ఆ తెరకు ఆయాసం రాదు కదా.

సరే, ఇంత డబ్బు మాకు కట్టే పని లేకుండా పథకం కింద అయింది, ఆ మాట కూడా రాయాలి.

ఏ వాల్వు వేయాలో మమ్మల్నే అడిగారు. పంది వాల్వుతోనో, పశువు గుండె పొరతోనో చేసినదైతే ఈ మాత్ర జీవితాంతం అక్కర్లేదు, కానీ పది పదిహేనేళ్ళకు అరుగుతుంది, వయసు తక్కువైతే ఇంకా ముందే. అంటే మళ్ళీ ఆపరేషన్. లోహపుదైతే నిలుస్తుంది, మాత్ర తప్పదు. ఈమెకు ముప్పై ఎనిమిది. లోహమే అనుకున్నాం. కాలి నుంచి పంపి వేసే వాల్వు పెట్టకూడదా అని అడిగాను, వీడియోలో చూశాను కాబట్టి. పీజీ డాక్టరు విసుక్కోకుండా చెప్పాడు. ఫ్రాన్స్‌లో క్రిబియే అనే డాక్టరు 2002లో మొదటిసారి మనిషికి అలా వేశాడు, అది ముఖ్యంగా పెద్ద వయసులో బృహద్ధమని దగ్గరి వాల్వు బిగుసుకుపోయిన వాళ్ళకట. ఆ పీజీ డాక్టరు ఓపీ చీటీ వెనక గుండె బొమ్మ గీసి చెప్పాడు. దాన్ని దాచుకున్నాను.

వేసింది చిత్ర వాల్వు. తిరువనంతపురం శ్రీ చిత్ర వైద్య సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం తయారుచేసింది. రాత్రుళ్ళు కారిడార్‌లో నిద్ర పట్టక దీని గురించే చదివాను. మూడు నమూనాలు విఫలమయ్యాయి, నాలుగోది నిలబడింది. 1990 డిసెంబరు 6న మొదటిసారి మనిషికి వేశారు. అంతకు ముందు మన దేశానికి ఇలాంటి వాల్వులు విదేశాల నుంచి రావాల్సిందే, ఆ ధరకు మాలాంటి వాళ్ళు ఏం కొంటారు. ఆయనకు థాంక్స్ చెప్పుకునే వీలు లేదు, 2024లో పోయారు.

ఇంకో ముచ్చట. మా ఆవిడ వార్డుకు వచ్చాక పాకాల అక్క ఫోన్ చేసి, "టిక్కుమంటా ఉండాదా?" అని అడిగింది. మేము చెవి పెట్టి చూస్తే పెద్దగా వినపడలేదు. అక్క కంగారుపడిపోయింది, "శబ్దం రాలేదంటే సరిగ్గా చూపించుకోండి సామీ, మొగమాటపడొద్దు" అని. డాక్టరును అడిగితే నవ్వాడు. దీంట్లో వాలుతూ తెరుచుకునే బిళ్ళ గట్టి ప్లాస్టిక్‌ది, అందుకే శబ్దం తక్కువట. అక్కకు చెబితే, "ఏమో, నాకైతే వినపడితేనే ధైర్యం" అంది. ఇప్పటికీ నమ్మలేదు.

దప్పిక గురించి ఆమె చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. ఐసీయూలో గొట్టం తీశాక మా ఆవిడ మొదటి మాట "నీళ్ళు". సిస్టరు దూది తడిపి పెదాలకు అద్దింది. రెండో మాట, "అక్క చెప్పింది."

ఇప్పుడు దగ్గు వస్తే ఛాతీకి దిండు అదుముకుంటుంది, మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బాలో గాలి పీలుస్తుంది. ఒక బంతి లేస్తోంది, రెండోది సగం దాకా వచ్చి పడిపోతోంది. రెండు నెలలు బరువు ఎత్తకూడదు, కాబట్టి పలకరించడానికి వచ్చే వాళ్ళు చిన్నపిల్లల్ని ఆమె ఒడిలో పెట్టకండి. పన్ను పీకించుకోవాలన్నా ముందు డాక్టరుకు చెప్పాలట. మా పాప కొత్త నోట్‌బుక్‌కు అట్ట వేసి మొదటి ఐఎన్ఆర్ రాసింది, 2.1. ఇంకా పెరగాలి.

మర్చిపోయాను: అర్ధరాత్రి పుత్తూరు నుంచి తీసుకొచ్చి మీటరు లెక్క చూడని వ్యాన్ డ్రైవర్ అన్నకు థాంక్స్. రేషన్ కార్డు కాగితం కోసం ఆదివారం కూడా తలుపు తీసిన సచివాలయం అమ్మాయికి. రోగుల వెంట ఉండే మాలాంటి వాళ్ళకు అన్నప్రసాదం పెట్టిన టీటీడీ వాళ్ళకు. నేను లేనన్నాళ్ళూ నా జిరాక్స్ షాపు తెరిచిన పక్క సెల్‌ఫోన్ షాపు తమ్ముడికి, వాడు లెక్క తప్పినా సరే.

ఇంకా, పక్క బెడ్ పెద్దాయన భార్య, రెండు రాత్రులు తన చాప ఇచ్చింది. అమ్మా, చాప పొరపాటున మా సామాన్లతో వచ్చేసింది. సోమవారం ఐఎన్ఆర్‌కు వస్తాం, తెచ్చిస్తాను. ఆసుపత్రి ఎదురుగా మెస్సు అన్నకు ఇవ్వాల్సిన డబ్బు కూడా అప్పుడే.