హువాయ్నా పొటోసీకి రెండు రోజులు చాలవు

ఎడిటర్ గారికి,

బొలీవియాలోని హువాయ్నా పొటోసీ (6,088 మీటర్లు) ఆరువేల మీటర్లు దాటిన శిఖరాల్లోకెల్లా సులువైనదని యాత్రా వ్యాసాల్లో తరచు రాస్తున్నారు. ఆ మాట నమ్మి రెండు రోజుల ప్యాకేజీకి డబ్బు కట్టేవాళ్లున్నారు కాబట్టి ఈ ఉత్తరం.

మామూలు దారిలో నిట్టనిలువు గోడలు లేని మాట నిజమే. చిక్కంతా గాలితోనే. శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు సగం. దగ్గర్లోని లా పాజ్ నగరానికి వెళ్లే విమానం దిగే ఎల్ ఆల్టోయే 4,060 మీటర్ల ఎత్తు. 3,000 దాటాక పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులు చెబుతారు. రెండు రోజుల ప్యాకేజీలో మొదటి రాత్రే 5,100 పైన పడుకోవాలి! ముందు లా పాజ్‌లోనో టిటికాకా సరస్సు ఒడ్డునో కనీసం వారం గడపండి. మధ్యలో ఒకరోజు చకల్టాయా కొండ (5,421) ఎక్కి సాయంత్రానికి దిగిపోతే ఒళ్లు అలవాటు పడుతుంది. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే అసిటజోలమైడ్ మందు వాడాలనుకుంటే డాక్టరును అడగాలి, సల్ఫా మందులు పడనివాళ్లు మరీ ముఖ్యంగా.

తలనొప్పితో పాటు వికారం ఉంటే పైకి వెళ్లొద్దు. అనుమానం వస్తే ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్లు ఆనిస్తూ పది అడుగులు తిన్నగా నడిపించండి. తూలితే మెదడు వాస్తున్నట్టే. కూర్చున్నా ఆయాసం తగ్గక దగ్గు వస్తుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. రెండింటికీ మొదటి వైద్యం వెంటనే కిందికి దింపడం. తెల్లారేదాకా ఆగకూడదు. మామూలుగా ఒక గైడు తాడుకు ఇద్దరుంటారు. ఒకరు దిగితే రెండోవారూ దిగాల్సిందే. ఆ ఒప్పందం గుడారంలోనే కుదుర్చుకోవాలి, మంచు వాలు మీద కాదు.

అద్దె బూట్లను రెండు జతల సాక్సులతో తొడిగి చూడండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు తగిలితే గోళ్లు ఊడతాయి. క్రాంపాన్ (బూటు అడుగున కట్టే ముళ్ల చట్రం) బిగించాక బూటును విదిలించి చూడాలి, కదలకూడదు. పట్టీ కొస వేలాడితే రెండో కాలి ముళ్లకు చిక్కి పడిపోతారు. నీళ్లసీసాను తలకిందులుగా పెట్టండి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత బిగుసుకోదు. గొట్టంతో తాగే సంచులు అక్కడ పనికిరావు, గొట్టమే ముందు గడ్డకడుతుంది.

రాత్రి ఒంటిగంటకు బయల్దేరితే దాదాపు ఆరు గంటల ఎక్కుడు. ఎండెక్కితే మంచులోని లోతైన పగుళ్లను కప్పిన మంచు వంతెనలు మెత్తబడతాయి. అందుకే శిఖరం కళ్లముందున్నా గైడు చెప్పిన వేళకు వెనక్కి తిరగాలి. చివరి గట్టు సన్నం, రెండువైపులా వాలు. తొందరపడే చోటు కాదది.

ఈ కొండ శిబిరాల్లో వంటచేసి, బరువులు మోసిన అక్కడి అయ్మారా ఆదివాసీ స్త్రీలు 2015లో కుచ్చుల పావడాలతోనే శిఖరం ఎక్కారు. 2019లో అర్జెంటీనాలోని అకాంకాగువా (6,961) కూడా ఎక్కారు. ఆ ఎత్తులోనే పుట్టి పెరిగి, పనిచేసినవాళ్లు వాళ్లు. వాళ్ల ఫొటో పెట్టి ఎవరైనా ఎక్కొచ్చని రాయడం వాళ్ల కష్టాన్నీ తక్కువ చేయడమే. వ్యాసంలో ఎత్తు రాసినచోటే అలవాటు పడడానికి పట్టే రోజులూ రాయించండి.

— కొందరు పర్వతారోహకులు