విదేశీ కొలువు గురించి నా బిడ్డకు

నల్గొండ,
అక్టోబరు నెల

చిరంజీవి బిడ్డకు నాయన ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పడం ఇష్టం లేక ఊరుకున్నాను. అగ్రికల్చర్ డిగ్రీ అయిపోగానే అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి రంగంలోకి వెళ్లాలని, ఆఫ్రికా దేశాల్లో నీరు, నేల, విత్తనం మీద పనిచేయాలని ఉందన్నావు. విదేశంలో ఒక కోర్సు చేస్తే అన్నీ అవే వస్తాయని ఎవరో ఏజెంటు చెప్పాడన్నావు. మీ అమ్మ అప్పుడే బీరువాలోని బంగారం లెక్క చూసుకోవడం మొదలుపెట్టింది. నీ కోరిక చాలా మంచిది, నాకు గర్వంగానే ఉంది. అయితే ఆ ఏజెంటు చూపిన దారి నాకు నచ్చలేదు. ముందు మన ప్రభుత్వ సర్వీసులో చేరు. ఏదో ఒక పంట మీదో, నీటి మీదో గట్టి పట్టు సంపాదించు. ఆ పట్టే నిన్ను దేశం దాటిస్తుంది. ఎందుకంటున్నానో వివరంగా రాస్తున్నాను, రావెప్ (డిగ్రీ చివర్లో ఊళ్లలో రైతులతో చేసే శిక్షణ) పని ముగించుకుని సాయంత్రం తీరిగ్గా చదువు.

పెద్ద దేశాలకు ఇలాంటి పనికి సొంత శాఖలున్నాయి. అమెరికా వ్యవసాయ శాఖలో విదేశీ వ్యవహారాలకు ఒక విభాగం ఉంది, ఆ విభాగం తమ దేశ పౌరులనే అధికారులుగా రాయబార కార్యాలయాలకు పంపుతుంది. విదేశాలకు సాయం చేయడానికి 1961లో పెట్టిన యూఎస్‌ఎయిడ్ సంస్థ 2025 జూలైలో మూతపడింది. దాని డబ్బుతో నడిచే ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్లు, పొలం పనిలో తలపండినవాళ్లు కూడా, ఎన్నో దేశాల్లో ఉన్నట్టుండి ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఇప్పుడు లక్షలు పోసి కోర్సు చేసి వచ్చినవాళ్లు కూడా అలాంటి ప్రాజెక్టుల కోసమే ఎదురు చూడాలి. ఖజానా వేరే దేశానిది, అప్పు మాత్రం మనది. అందుకే నాకు భయం.

ఇక మన జిల్లా సంగతి. నేను మర్రిగూడ వైపు వ్యవసాయాధికారిగా తిరిగిన రోజుల్లో ఏ ఇంటికి వెళ్లినా మంచినీళ్లు ఇచ్చేవారు, తాగాలంటే మనసొప్పేది కాదు, తాగకపోతే వాళ్లు నొచ్చుకునేవారు. నడి వయసు రాకముందే నడుములు వంగిపోయిన మనుషులు, పళ్ల మీద గోధుమరంగు చారలున్న పిల్లలు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటారు, ఆ ఊళ్ల బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. దానికి నాగ్‌పూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఒక ఉపాయం కనిపెట్టి మన ఊరి పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. నీకు పుస్తకంలో ఒక పేరాగా వచ్చి ఉంటుంది. కెన్యా, టాంజానియా, ఇథియోపియా దేశాల రిఫ్ట్ లోయలో కూడా నీళ్లలో ఇదే విషం ఉంది. మన దగ్గర గ్రానైటు రాయి, అక్కడ అగ్నిపర్వతపు రాయి, జబ్బు ఒక్కటే. అక్కడి ప్రయోగశాలల్లో మన నల్గొండ పేరు తెలియని నీటి ఇంజనీరు ఉండడు.

టాంజానియాలో దాన్ని ఇంటి వాడకానికి రెండు బక్కెట్ల పద్ధతిగా మార్చుకున్నారు. మొదటి బక్కెట్లో నీళ్లు పోసి, కొలత ప్రకారం పటిక, సున్నం వేస్తారు. ఒక నిమిషం గబగబా, తర్వాత ఐదు నిమిషాలు మెల్లగా కలుపుతారు. దూదిపింజల్లాంటి తెట్టె కట్టి, ఫ్లోరైడును తనతో పట్టుకుని అడుగుకు దిగుతుంది. గంట ఆగి పైన తేరిన నీటిని గుడ్డలో వడగట్టి రెండో బక్కెట్లోకి వదులుతారు. చదవడానికి ఎంత సులువుగా ఉందో చూడు! కానీ పటిక ఎంత వేయాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడును బట్టి, క్షారగుణాన్ని బట్టి మారుతుంది. ఒక బావికి సరిపోయిన కొలత పక్క బావికి సరిపోదు. అడుగున మిగిలిన తెట్టెను ఎక్కడ పారబోయాలన్నది ఇంకో చిక్కు. మన ఊళ్లలో పెట్టిన ప్లాంట్లు చాలా వరకు చూసుకునే మనిషి లేకనే మూలపడ్డాయి. చివరికి మిషన్ భగీరథలో కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చాకే మర్రిగూడ, చండూరు ఊపిరి పీల్చుకున్నాయి. రిఫ్ట్ లోయలో ప్రతి ఊరికీ అలాంటి నది దగ్గరలో లేదు. అక్కడికి వెళ్లే మనిషి ఈ పద్ధతి ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ, ఎందుకు ఆగిపోయిందో రెండూ తెలిసినవాడై ఉండాలి. ఆ రెండోది ఏ విదేశీ కోర్సులోనూ చెప్పరు. అది మన చౌటుప్పల్, మునుగోడు ఊళ్లలో ముసలివాళ్లను అడిగితే తెలుస్తుంది.

కంది సంగతి ఇంకా దగ్గరిది. నీకు గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు నిన్ను నారాయణపేట వైపు చెలకలకు తీసుకెళ్లి, వాడిపోయిన కంది మొక్కను పీకి కాండం నిలువునా చీల్చి చూపించాను. తొక్క కింద మొదలు నుంచి పైకి నల్లటి చారలు పాకి ఉన్నాయి. ఎండు తెగులు. పూత మీద ఉన్న చేను కళ్లముందే వాడిపోతుంది, అప్పుడు ఏ మందు కొట్టినా లాభం లేదు, తట్టుకునే విత్తనం ఒక్కటే దిక్కు. పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఈ తెగులు మీద పెద్ద పని చేసింది. మనవాళ్లకు మారుతి, ఆశ రకాలు అలాగే వచ్చాయి. ఆఫ్రికాలోని మలావీ రైతులకు 1987లో విడుదలైన తెగులు తట్టుకునే రకం ఐసీపీ 9145. ఆ నంబరు పటాన్‌చెరు జన్యు నిధిలోని, అంటే విత్తనాలు దాచే నిల్వలోని నంబరే. అక్కడ కందిని మొక్కజొన్నలో కలిపి వేస్తారు, మనం జొన్నలో, పత్తిలో వేస్తాం. కాండం చీలిస్తే చారలు మాత్రం ఒకేలా ఉంటాయి.

ఇప్పుడు అదే కంది రెండు దేశాల మధ్య ఒప్పందంగా ఎలా మారిందో చూడు. 2015 చివర్లో కందిపప్పు కిలో రెండు వందలకు చేరింది. 2016 జూలైలో మన ప్రభుత్వం మొజాంబిక్‌తో ఒప్పందం చేసుకుంది, ఏడాదికి లక్ష టన్నులతో మొదలుపెట్టి 2 లక్షల టన్నుల దాకా పప్పుధాన్యాలు కొంటామని. అదే ఏడాది ఇక్కడ వానలు బాగా పడి, ధర ఆశ చూసి పాలమూరు అంతా కంది వేసింది. పంట చేతికొచ్చేసరికి క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధర కంటే తక్కువకు అడిగారు. రైతులు బస్తాల మీదే పడుకుని వారాలు ఎదురుచూశారు, నేను ఆ యార్డుల్లోనే తిరిగాను. 2017 ఆగస్టులో దిగుమతికి పరిమితి పెట్టారు. ఇక్కడ కొంత ఊరట కలిగింది కానీ అదే దెబ్బకు తూర్పు ఆఫ్రికాలో ధర కూలిపోయింది. మనకు అమ్మడం కోసమే కంది వేసిన అక్కడి చిన్న రైతు, రెండెకరాలవాడు, మనవాడిలాగే బస్తా పట్టుకుని నిలబడ్డాడు. ఇందులో దుర్మార్గులు ఎవరూ లేరు. ఎప్పుడు ఎంత కొనాలో, పంట అంచనా ఎంతో ముందుగా లెక్కగట్టే మనుషులు, ఇక్కడి చెలకా అక్కడి చెలకా రెండూ చూసినవాళ్లు ఆ ఒప్పందాల బల్లకు రెండు వైపులా చాలినంతమంది లేరు. బిడ్డా, నువ్వు ఆ బల్ల దగ్గర కూర్చోవాలని నా ఆశ. ఆ కుర్చీ ప్రభుత్వ ఉద్యోగికే దొరుకుతుంది.

ఎలా చేరాలన్నది చెబుతాను. నాకన్నిటికంటే ఇష్టమైనది ఏఆర్‌ఎస్, భారత వ్యవసాయ పరిశోధన మండలి శాస్త్రవేత్తల సర్వీసు. దానికి ఏఎస్‌ఆర్‌బీ అనే నియామక మండలి పరీక్ష పెడుతుంది. పీజీ, ఆపైన పీహెచ్‌డీ చదువు తప్పదు, తొందరపడే పని కాదు. నెగ్గినవాళ్లకు మొదటి శిక్షణ మన రాజేంద్రనగర్‌లోని నార్మ్ అనే వ్యవసాయ పరిశోధన అకాడమీలోనే. ఈ సర్వీసులో ఉంటూ, అనుమతితో, ఉద్యోగం వదులుకోకుండా లీన్ మీద, అంటే తిరిగి వస్తే పాత ఉద్యోగం ఉండేలా, అంతర్జాతీయ సంస్థలకు వెళ్లి వచ్చినవాళ్లున్నారు. మన దేశం బయట కట్టిన పనులు కూడా తక్కువేమీ కావు. వియత్నాంలో మెకాంగ్ డెల్టా వరి పరిశోధన సంస్థకు సాయం చేశాం, మయన్మార్‌లోని యెజిన్‌లో వ్యవసాయ పరిశోధన కేంద్రం పెట్టాం, అఫ్గానిస్థాన్‌లో కాందహార్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చేయూతనిచ్చాం. అదే అఫ్గానిస్థాన్‌లో సల్మా ఆనకట్టను మన జలశక్తి శాఖ కిందనున్న వాప్కోస్ అనే ప్రభుత్వ సంస్థ కట్టించింది, 2016లో ప్రారంభమైంది. నీళ్ల ఇంజనీర్లకు అలాంటి దారి, నీ చదువుకు పరిశోధన దారి.

బయటికి వెళ్లకుండానే బయటి దేశాలతో పనిచేసే కొలువులు రాజేంద్రనగర్ చుట్టూ ఎన్ని ఉన్నాయో మన పిల్లలకు తెలియదు. విదేశాంగ శాఖ 1964 నుంచి ఐటెక్ పథకం నడుపుతోంది. ఇతర దేశాల అధికారులను మన ఖర్చుతో పిలిచి నేర్పుతారు. మేనేజ్ అనే వ్యవసాయ విస్తరణ శిక్షణ సంస్థలో, జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో ఆఫ్రికా నుంచి వచ్చిన వ్యవసాయాధికారులను నేనే చూశాను. ఒకసారి వాళ్లలో ఒకాయన మన ఆముదం చేను దగ్గర కూర్చుని అంతర పంట లెక్కలు రాసుకుంటూ ఎండ పొద్దెక్కినా లేవలేదు. ఆయనకు నేర్పే స్థానంలో నువ్వుండవచ్చు. అక్కడే ఎన్‌బీపీజీఆర్ అనే జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, పటాన్‌చెరుకు వచ్చే విత్తనం, అక్కడి నుంచి పరాయి దేశానికి వెళ్లే విత్తనం తెగులు లేదని తేలాకే కదులుతుంది. ఒక్క గింజతో కొత్త తెగులు ఖండం దాటుతుంది కనుక ఆ పరీక్ష చేసేవాళ్లంటే నాకు చాలా గౌరవం.

నీకు అడవి మీద మనసున్న సంగతి నాకు తెలుసు. పాలెం కాలేజీలో చేరిన కొత్తలో సెలవు దొరికితే అమ్రాబాద్ వైపు వెళ్లేదానివి. భారత అటవీ సర్వీసుకు వ్యవసాయ డిగ్రీ ఉన్నవాళ్లు కూడా అర్హులే. యూపీఎస్సీ పరీక్ష, ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది. 2019లో ఎడారీకరణ మీద ఐక్యరాజ్యసమితి సదస్సు మన దేశంలోనే జరిగింది. అలాంటి ఒప్పందాల చర్చల్లో అటవీ అధికారులు పాల్గొంటారు. నల్లమలలో చెంచుల మాట విని పనిచేసిన అధికారి అక్కడ మాట్లాడితే ఆ మాటకు బరువుంటుంది. ఇది కూడా నీ ముందున్న దారి, కాదనను.

రోమ్ గురించి అడిగావు. ఐక్యరాజ్యసమితి సంస్థలైన ఎఫ్ఏఓ (ఆహార, వ్యవసాయ సంస్థ), ఐఫాడ్ (వ్యవసాయాభివృద్ధి నిధి), ప్రపంచ ఆహార కార్యక్రమం మూడూ అక్కడే ఉన్నాయి. అక్కడి మన రాయబార కార్యాలయంలో వ్యవసాయానికి ప్రత్యేకంగా ఒక పదవి ఉంది, సీనియర్ అధికారులను పంపుతారు. 1956 నుంచి 1967 దాకా ఎఫ్ఏఓ అధిపతిగా ఉన్న బినయ్ రంజన్ సేన్ బ్రిటిష్ కాలపు సివిల్ సర్వీసు ఐసీఎస్‌లో మన అధికారే. బెంగాల్ కరువులో సహాయ కమిషనర్‌గా పనిచేసి, ఆకలి చావులను దగ్గర నుంచి చూసినవాడు. 1960లో ప్రపంచమంతా ఆకలి నిర్మూలన ఉద్యమం మొదలుపెట్టాడంటే అది కాగితం చదివి పుట్టిన ఆలోచన కాదు.

నీ పెళ్లి గురించి అడిగే చుట్టాలకు జవాబు నేను చెప్పుకుంటాను, నువ్వు ఆ బెంగ పెట్టుకోకు. ఆ ఏజెంటుకు ఒక్క రూపాయి అడ్వాన్సు కూడా కట్టవద్దు. ఆ డబ్బులో కొంత పుస్తకాలకు, కొంత భాషకు ఖర్చు పెడదాం. మొజాంబిక్‌లో పోర్చుగీసు, మాలి, నైజర్ దేశాల్లో ఫ్రెంచి నడుస్తాయి. ఏదో ఒకటి ఇప్పటి నుంచే మొదలుపెట్టు, ముప్పై దాటాక నాలుక తిరగదు.

పీజీలో మొక్కల తెగుళ్ల శాస్త్రమా, వ్యవసాయ ఆర్థిక శాస్త్రమా అని నువ్వు తేల్చుకోవాలి. నా మొగ్గు ఆర్థిక శాస్త్రం వైపు, ఎందుకో పైన రాశాను. మీ సారు తెగుళ్ల శాస్త్రమే అంటున్నాడని చెప్పావు, ఆయన మాట కూడా తీసిపారేయదగింది కాదు. ఈ వారంలో ఆలోచించి ఏదో ఒకటి రాసి పంపు, పాత ప్రశ్నపత్రాలు నేను హైదరాబాద్ వెళ్లినప్పుడు తెచ్చి పెడతాను.

ఇట్లు,
మీ నాయన