బొమ్మ రైలుకు బల్ల: అతుకుల దగ్గరే అసలు పని

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంట్లో నమూనా రైలుమార్గం కట్టుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. ఇంజన్లు, పెట్టెలు, పట్టాల సంగతి చక్కగా చెప్పారు. బల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "8×4 ప్లైవుడ్ షీటుకు నాలుగు కాళ్లు బిగిస్తే చాలు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. వేసవి సెలవుల్లో ఈ పని మొదలుపెట్టాలనుకునే గుంతకల్లు, గుత్తి, డోన్ వైపు కుటుంబాలు ఆ మాట పట్టుకుని షీటు కొనేలోపే కొన్ని కొలతలు వాళ్లకు చేరాలి. అందుకే ఈ ఉత్తరం.

18 మి.మీ. షీటు ఒక్కటే 35 కిలోల దాకా తూగుతుంది. చట్రం, కాళ్లు కలిశాక ఇద్దరు పట్టుకున్నా అది మిద్దె మెట్ల మలుపు తిరగదు. రైల్వే ఉద్యోగులకు బదిలీలు తప్పవు, అద్దె ఇళ్లూ తప్పవు. ఇల్లు మారిన రోజు ఆ బల్లకు రంపం పెట్టాల్సిందే. దానికి తోడు మన రైలు పెట్టెలు పొడుగైనవి. హెచ్ఓ స్కేలు అంటే అసలులో 87వ వంతు. 24 మీటర్ల ఎల్‌హెచ్‌బీ పెట్టె (ఇప్పటి ఎక్స్‌ప్రెస్ బండ్లకు కట్టే పొడుగు రకం) ఆ లెక్కన సుమారు 276 మి.మీ. అవుతుంది. ఆరు పెట్టెలకు ఒక డబ్ల్యూఏపీ-7 ఇంజన్ కడితే 1.9 మీటర్ల బండి. నాలుగడుగుల వెడల్పులో దాన్ని గుండ్రంగా తిప్పితే వంపు వ్యాసార్ధం 22 అంగుళాలు, అంటే 56 సెంటీమీటర్లు దాటదు. ఆ వంపులో పెట్టెల మూలలు బయటికి పొడుచుకొచ్చి పక్క లైను బండికి తగులుతాయి. వ్యాసార్ధం పెట్టె పొడవుకు మూడింతలు, అంటే 83 సెంటీమీటర్లయినా ఉండాలి. గది మధ్యలో షీటు పరిచే పద్ధతి మనకు కుదరదని దీన్నిబట్టే తెలుస్తుంది. గోడ వెంట రెండడుగుల వెడల్పు బల్లను విడదీయగలిగే ముక్కలుగా కట్టుకోవాలి. గుంతకల్లులో గుత్తి, బళ్లారి, ఆదోని, డోన్, ధర్మవరం వైపుల నుంచి ఐదు లైన్లు కలుస్తాయి. అలాంటి స్టేషన్ని ఒక్క ఏడాదిలో ఎవరూ పూర్తి చేయలేరు. ముందు ప్లాట్‌ఫారాలకు రెండు ముక్కలు కట్టి, వచ్చే ఏడాది డోన్ వైపు ఇంకొకటి కలుపుకోవచ్చు.

రెండు షీట్లతో నాలుగు ముక్కలు వస్తాయి. ఒక్కో ముక్క 1200 మి.మీ. పొడవు, 600 మి.మీ. వెడల్పు. చట్రానికి 18 మి.మీ. షీటు ఒకటి, పై పలకలకు 12 మి.మీ. షీటు ఒకటి. పై పలకలు నాలుగూ ఒక షీటులో సరిగ్గా సరిపోతాయి. చట్రం షీటును పొడవునా బద్దలుగా కోయించేటప్పుడు చాలామంది "నాలుగంగుళాలు" అంటారు. అలా అంటే 11 బద్దలే వస్తాయి, ఎందుకంటే ప్రతి కోతలో రంపం 3 మి.మీ. తినేస్తుంది. 98 మి.మీ. అని చెబితే 12 వస్తాయి. ఒక్కో ముక్కకు 1164 మి.మీ. పొడవు బద్దలు రెండు, చివర్లకు 600 మి.మీ. పలకలు రెండు, లోపల 564 మి.మీ. అడ్డబద్దలు మూడు కావాలి. చివరి పలకలు పూర్తి వెడల్పు ఉండాలి, పొడవు బద్దలు వాటి మధ్యలో కూర్చోవాలి. లెక్క వేస్తే నాలుగు ముక్కలకూ తొమ్మిది బద్దలు పోతాయి, మూడు మిగులుతాయి. పూర్తయిన ముక్క కాళ్లు లేకుండా 12 కిలోల చుట్టూ ఉంటుంది, ఒక్కరే ఎత్తుకోవచ్చు.

షీటు మీద ఐఎస్ 710 ముద్ర చూసి బీడబ్ల్యూపీ రకం, అంటే నీళ్లకు తట్టుకునేది, తీసుకుంటే మంచిది. ఎంఆర్ రకం, అంటే అంగళ్లలో కమర్షియల్ అనేది, వానాకాలం తేమకు పొరలు విడవొచ్చు. చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్ మాత్రం చట్రానికి వద్దే వద్దు. అంచులో స్క్రూ పట్టు నిలవదు, నీళ్లు తగిలితే ఉబ్బుతుంది.

ఇక అతుకు. హెచ్ఓ చక్రానికి పట్టాను పట్టుకునే అంచు, అంటే ఫ్లాంజ్, లోతు 0.6 మి.మీ. మాత్రమే. రెండు ముక్కలు కలిసే చోట పట్టాలు అర మిల్లీమీటరు ఎగుడుదిగుడైనా, పక్కకు జరిగినా బండి అక్కడే పడిపోతుంది. చాలామంది చట్రాలు పూర్తిచేసి, పక్కపక్కన పెట్టి, కంటి అంచనాతో రంధ్రాలు వేసి బోల్టులు బిగిస్తారు. 8 మి.మీ. బోల్టు 8 మి.మీ. రంధ్రంలో కూడా కాస్త ఆడుతుంది. విప్పి బిగించిన ప్రతిసారీ అతుకు ఒక్కో చోట కూర్చుంటుంది. బోల్టు పని బిగించి పట్టుకోవడం వరకే. ముక్కల్ని ఒక వరసలో నిలబెట్టడానికి వేరే పిన్నులు ఉండాలి.

అందుకని పని చివరి పలకలతో మొదలుపెట్టాలి. ఎదురెదురుగా వచ్చే రెండు పలకలను ముఖాముఖి పెట్టి, పై అంచులు సమానం చేసి, రెండు సీ-క్లాంపులతో గట్టిగా బిగించాలి. వెడల్పులో రెండు కొసల నుంచి 100 మి.మీ. లోపలికి, ఎత్తులో నడిమధ్యన, పిన్నులకు 14 మి.మీ. రంధ్రాలు. కొసల నుంచి 170 మి.మీ. దగ్గర బోల్టులకు 10 మి.మీ. రంధ్రాలు. ప్రతి రంధ్రం రెండు పలకల్లోనుంచీ ఒకే దెబ్బలో పోవాలి. డ్రిల్లు కొంచెం వాలినా, రెండు ముఖాలు తాకే చోట రంధ్రం ఒక్కటే కాబట్టి తేడా రాదు. క్లాంపు విప్పకముందే పెన్సిల్‌తో జత నంబరు, పై అంచు, తాకే ముఖం రాసుకోవాలి. ఇది మరిచిపోయి పలక తిరగేసి బిగిస్తే చేసిన పనంతా పోయినట్టే.

తయారుగా దొరికే డోవెల్ పిన్నులు మన ఊళ్ల హార్డ్‌వేర్ అంగళ్లలో కనపడవు. మోటారు పంపుల పని చేసే ఏ లేత్ షాపులోనైనా ఇత్తడి కడ్డీతో చేయించుకోవచ్చు. పిన్ను మొదలు 14 మి.మీ. మందం, 18 మి.మీ. పొడవు. ముందుకు పొడుచుకొచ్చే భాగం 10 మి.మీ. మందం, 12 మి.మీ. పొడవు, కొస కాస్త సన్నం. అది దూరే జత గొట్టం, అంటే బుష్‌కు, బయట 14, లోపల 10, పొడవు 18. పిన్ను బుష్‌లో చేతితో జారాలి కానీ ఊగకూడదని లేత్ ఆయనకు చెబితే అర్థమవుతుంది. మూడు అతుకులకు ఆరు జతలు. వీటిని ఆరల్డైట్ జిగురుతో పలకల రంధ్రాల్లో అతికేటప్పుడు పిన్ను కొసకు వ్యాజలైన్ రాసి, బుష్‌లో దూర్చి, రెండు పలకలూ బోల్టులతో బిగించి ఉంచాలి. వ్యాజలైన్ లేకపోతే పిన్ను, బుష్ శాశ్వతంగా కలిసిపోతాయి. బోల్టులు 8×60 మి.మీ., రెండు వైపులా వెడల్పు వాషర్లు, వింగ్ నట్లు. వాషర్ చిన్నదైతే బిగించిన కొద్దీ ప్లైలోకి దిగబడి అతుకు వదులవుతుంది.

తర్వాత చట్రం. మొదటి ముక్క చేశాక, రెండోదాని చివరి పలకను దానికే బోల్టులతో బిగించి, మధ్యలో పాలిథిన్ కాగితం పెట్టి, ఆ పలకను ఆధారం చేసుకుని మిగతా చట్రం కట్టాలి. కాగితం లేకపోతే కారిన ఫెవికాల్ రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. కీళ్లకు ఫెవికాల్‌తో పాటు 8 నంబరు, 40 మి.మీ. స్క్రూలు, ఒక్కో కీలుకు రెండు. ముందుగా 3 మి.మీ. రంధ్రం వేయకుండా స్క్రూ దించితే అంచులో పొరలు విచ్చుకుంటాయి, పైకి కనపడదు కానీ బలం పోతుంది. మూలల్లో అంగుళం చదరం చెక్క బద్ద అతికితే ఆ కీలు కదలదు.

మూలమట్టం పెట్టి చూసినా సరే, ఐమూల కొలత తప్పనిసరి. 1200, 600 చట్రానికి రెండు ఐమూలలూ 1342 మి.మీ. రావాలి. చట్రం మెలిక పడిందో లేదో తెలియాలంటే మూల నుంచి మూలకు రెండు నైలాన్ దారాలు బిగించి చూడాలి. అవి మధ్యలో ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉంటే చట్రం సమంగా ఉన్నట్టు. సందు కనపడినా, ఒకటి రెండోదాన్ని నెట్టినా మెలిక ఉన్నట్టే. ఫెవికాల్ ఆరకముందే సరిచేయాలి. పై పలక అతికాక ఆ మెలిక జన్మకు పోదు. బేతంచెర్ల బండలు పరిచిన నేల మీద పెట్టి చట్రాలు కట్టడం వల్లే ఎక్కువగా ఈ తప్పు వస్తుంది. ఆ బండలు చూడ్డానికి నున్నగా ఉంటాయి కానీ రాయికీ రాయికీ మట్టం తేడా ఉంటుంది.

కాళ్లకు సామిల్లులో 2×2 అంగుళాల ఆరిన కలప తీసుకోవాలి. పచ్చి రీపరు మన మార్చి ఎండకే వంకర తిరుగుతుంది. మొదటి ముక్కకు నాలుగు కాళ్లు, తర్వాతి మూడింటికి రెండేసి, మొత్తం పది చాలు. రెండో కొస పక్క ముక్క పిన్నుల మీదే నిలుస్తుంది. కాలు మీటరు పొడవు, పొడవు బద్దకు లోపలివైపు రెండు బోల్టులు, చట్రానికి ఒక ఏటవాలు బద్ద. మిగిలిన మూడు ప్లై బద్దలు దీనికే పనికొస్తాయి. ప్రతి కాలి అడుగున టీ-నట్ (చెక్కలో దిగ్గొట్టే నట్టు) దిగ్గొట్టి, బోల్టు తలకిందుగా బిగిస్తే ఎత్తు సవరించుకోవచ్చు. పదహారడుగుల పొడవుకు చిన్న రసమట్టం నమ్మకం కాదు. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టమే మేలు, గొట్టంలో గాలిబుడగ లేకుండా చూసుకుంటే చాలు. మట్టం తప్పితే సైడింగులో, అంటే పక్క లైనులో, ఆపిన పెట్టెలు వాటంతటవే జారి పాయింట్ల (బండి లైను మారే చోట్ల) మీదికి వస్తాయి.

పట్టా అతుకు దాటే చోట మామూలు మేకులు ఆగవు. ముక్కలు బోల్టులతో బిగించి ఉండగానే, రెండు చివరి పలకల మీదా ఒక్కో పట్టా కిందికి ఒక్కో 6 నంబరు ఇత్తడి స్క్రూ దించాలి. స్క్రూ తల పట్టా అడుగును తాకేదాకా తిప్పుతూ సరిచేసి, అక్కడి రెండు మూడు ప్లాస్టిక్ స్లీపర్లు తీసేసి, పట్టాను స్క్రూ తలకు సోల్డర్ చేయాలి. తీయకపోతే వేడికి కరుగుతాయి. సోల్డర్ చేసేటప్పుడు పట్టాల మధ్య 16.5 మి.మీ. గేజి పెట్టి ఉంచాలి. పట్టాను అతుకు మీదుగా ఏకంగా పరిచి, ఆ తర్వాతే పల్చటి కటింగ్ డిస్కుతో కోయాలి. ముందే కోసి కలపబోతే ఎప్పటికీ సరిగా ఎదురుపడవు. 1.2 మీటర్ల పట్టా చలికాలం రాత్రికీ మే మధ్యాహ్నానికీ అర మిల్లీమీటరు దాకా సాగుతుంది. పట్టా రెండు కొసలూ స్క్రూలకు సోల్డర్ అయి ఉంటాయి కాబట్టి అతుకు దగ్గరి కోత సందు ఒక్కటే దానికి చాలదు. డిసెంబరులో పట్టాలు పరిచి, ముక్క మధ్యలో ఎక్కడా సందు వదలకపోతే ఏప్రిల్‌లో పాములా వంకర్లు తిరుగుతాయి.

ప్రైమరు పైభాగానికే పూసి అడుగు వదిలేస్తే, వానాకాలంలో అడుగు తేమ పీల్చి పలక విల్లులా వంగుతుంది. రెండు వైపులా పూయాలి, అడుగున తెల్ల రంగైతే వైర్లు కూడా బాగా కనపడతాయి. చెదలు గోడ వెంటే వస్తాయి కాబట్టి బల్లకూ గోడకూ రెండంగుళాల సందు ఉండాలి, నెలకోసారి కాళ్లను టార్చితో చూడాలి. చక్రాల చప్పుడు ప్లై మీద డప్పులా మోగుతుంది. ఆటోమొబైల్ అంగళ్లలో గ్యాస్కెట్ల కోసం అమ్మే కార్క్ షీటు పట్టాల కింద పరిస్తే చాలా తగ్గుతుంది. వైర్ల కోసం అడ్డబద్దల మధ్యలో 25 మి.మీ. రంధ్రాలు చట్రం బిగించకముందే వేసుకోవాలి. బల్ల కిందికి 230 వోల్టులు రానివ్వకూడదు. అడాప్టరు గోడ ప్లగ్గు దగ్గరే ఉండి, ముక్కల మధ్య తక్కువ వోల్టేజి వైర్లు మాత్రమే, తిరగేసి గుచ్చడానికి వీల్లేని కనెక్టర్లతో వెళ్లాలి.

వచ్చే వారం పట్టాల అమరిక బొమ్మ వేస్తామని రాశారు. ఆ బొమ్మలో ముక్కల అతుకు గీతలు, అడ్డబద్దల గీతలు కూడా చూపించమని మనవి. అతుకుకు ఇరువైపులా 150 మి.మీ. లోపు ఏ పాయింటూ రాకూడదు, పాయింటును తిప్పే ఏ మోటారు కిందా అడ్డబద్ద పడకూడదు. కాగితం మీదైతే గీత చెరిపి 40 మి.మీ. పక్కకు జరిపితే సరిపోతుంది. చట్రం కట్టాక అదే తేడా బయటపడితే బద్ద కోసి తీయాలి.

ఇట్లు,
నమూనా రైళ్ల అభిమాని,
గుంతకల్లు, అనంతపురం జిల్లా