నిట్ బట్ట తాను పక్కన ఒక చీటీ కూడా ఉంచాలి

సంపాదకులకు నమస్కారం.

బట్టల దుకాణాల్లో తానుల పక్కన బొమ్మలకు తొడిగి ఉంచే నమూనా దుస్తుల గురించి, అందులోనూ సాగే గుణమున్న నిట్ బట్టతో కుట్టిన మామూలు టాపుల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇటీవల అలాంటి టాపు ఒకటి నన్ను ఆకట్టుకుంది. కాస్త వెడల్పైన మెడ, విడిగా అతకకుండా భుజంతో కలిసే వచ్చిన పొట్టి చేతులు తప్ప అందులో జిప్పు, గుండీలు, కుచ్చులు ఏవీ లేకపోవడంతో ఇది ఒక పూట పని అనుకుని, పక్కనే ఉన్న అదే రంగు తానులోంచి బట్ట కోయించుకుని వచ్చాను. పని మూడు రోజులు పట్టింది. మొదటి టాపు తలలోంచి దిగనే లేదు.

తప్పులో నా వాటా ఎక్కువేనని ముందే ఒప్పుకుంటున్నాను. నేత బట్టలో పడుగు, పేక దారాలు ఒకదాన్నొకటి అడ్డంగా పట్టుకుని ఉంటాయి కనుక అది పెద్దగా సాగదు. నిట్ బట్టలో దారం ఉచ్చులోంచి ఉచ్చుగా అల్లుకుంటూ పోతుంది కనుక లాగితే సాగి, వదిలితే వెనక్కి వస్తుంది. ఈ తేడా తెలిసి కూడా నేను మామూలు మొనదేలిన సూదితోనే కుట్టాను. ఆ మొన ఉచ్చుల మధ్యకు జరగకుండా దారాన్నే పొడిచి అక్కడక్కడా చిల్లులు చేసింది, కొన్నిచోట్ల కుట్టు పడనే లేదు. గుండ్రని మొన ఉన్న బాల్‌పాయింట్ సూది, 75 లేదా 80 నంబరుది, పెట్టాక ఆ బాధ పోయింది. తిన్నని కుట్టు మెడ దగ్గర పటపటా తెగింది. వెడల్పు తగ్గించిన జిగ్‌జాగ్ కుట్టు వేస్తే బట్టతో పాటు అదీ సాగింది. బట్టను ముందుగా ఉతికి ఆరబెట్టకుండా కత్తిరించడం వల్ల మొదటి ఉతుకులోనే పొడవు తగ్గింది. ఇవన్నీ నేను నేర్చుకోవలసినవే.

అయితే నా శ్రద్ధతో తీరని చిక్కు మరొకటి ఉంది. బొమ్మ మీద ఉన్న టాపు లైక్రా అనే బాగా సాగే దారం కలిసిన బట్టతో కుట్టినది, నేను కొన్నది ఉత్త నూలు బట్ట. రంగు ఒకటే, చేతికి తగిలే మెత్తదనమూ ఇంచుమించు ఒకటే. ఇంటికి వచ్చాక 10 సెంటీమీటర్ల మడతను స్కేలు పక్కన పెట్టి లాగితే అది 12కు మించి సాగలేదు. సుమారు 15 వరకు సాగే బట్టకైతే మెడ చుట్టుకొలతలో దాదాపు 80 నుంచి 85 శాతం పొడవున పట్టీ కోసి, దాన్ని సమంగా లాగుతూ కుడితే మెడ ఒంటికి చక్కగా అంటుకుంటుంది. నా బట్టకు ఆ లెక్క పనికిరాదు. పట్టీ పొడవు పెంచాలి, మెడ ఇంకా లోతుగా కత్తిరించాలి. ఇది బొమ్మను చూసి తెలిసే విషయం కాదు, బట్టను నలిపి చూసినా అంత సులువుగా తెలియదు.

అందుకే దుకాణదారులకు నా విన్నపం: నమూనా ఏ తానులోంచి కుట్టారో, అందులో ఏ రకం దారం ఎంత పాలు ఉందో, అడ్డంగా, నిలువుగా ఎంత సాగుతుందో, ఉతికితే ఎంత కుంచించుకుంటుందో, ఏ సూది వాడారో నాలుగు వరుసల్లో రాసి బొమ్మకు ఒక చీటీ తగిలించండి. అమ్మకాల దగ్గర నిలబడేవారికి ఇవన్నీ నోటికి రావాలని ఎవరూ కోరరు. తాను వచ్చిన రోజున ఒక్కసారి రాస్తే అది అయిపోయేవరకు సరిపోతుంది. చీటీ చూసి కొనేవారు వెనక్కి తగ్గుతారన్న భయం కూడా అక్కర్లేదు, ఒకసారి బట్ట పాడుచేసుకున్నవారే ఆ తానువైపు మళ్లీ చూడరు.

మీ పత్రికకూ ఒక మనవి. కుట్టుపని గురించి ప్రచురించే వ్యాసాల్లో నిట్ బట్టకు కూడా చోటివ్వండి. కత్తిరించగానే అంచులు చుట్టుకుపోయే జెర్సీ అనే రకం నిట్ బట్టను ఎలా పరచాలో, భుజం కుట్టు సాగిపోకుండా దానిలో సన్నని సాగని టేపు ఎలా కలిపి కుట్టాలో, అంచును కత్తిరిస్తూనే చుట్టి కుట్టే ఓవర్‌లాక్ మిషను లేనివారు కింది మడతను జంట సూదితో ఎలా ముగించాలో బొమ్మలతో చూపిస్తే నాలాంటి వారికి ఎంతో మేలు. నా రెండో టాపు నమూనా అంత అందంగా రాలేదు గాని, తలలోంచి మాత్రం దిగుతోంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు