మంత్రి గారూ, బోరు నీళ్ళలో ఉన్న యూరియా లెక్క ఎవరు చూస్తున్నారు?

వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. యూరియా గురించి ఉత్తరం అనగానే బస్తాలు దొరకట్లేదేమో అనుకుంటారు, అది కాదు. ఆల్రెడీ మేం వేసేసి, నీళ్ళలో కలిపేసుకున్న యూరియా గురించి.

యూరియాలో 46 శాతం నత్రజని. చల్లాక అది ముందు అమ్మోనియం అవుతుంది, తర్వాత నేలలోని బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది. అమ్మోనియంని మట్టి పట్టుకుంటుంది, నైట్రేట్‌ని పట్టుకోదు, నీళ్ళు ఎటు పోతే అదీ అటే. మందు వేసిన నాలుగు రోజులకి మోటార్ ఆన్ చేసి మర్చిపోయామనుకోండి, నైట్రేట్ వేరు దాటి కిందకి దిగిపోతుంది, ఇక పంటకి అందదు, పోయి పోయి భూగర్భజలంలో కలుస్తుంది, మళ్ళీ అవే నీళ్ళు తోడుకుని తాగుతాం. తాగే నీళ్ళలో నైట్రేట్ లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, పోతపాలు తాగే పసిపిల్లల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్ళు నీలంగా అయ్యే జబ్బు ఉందే, దాన్ని చూసి పెట్టిన లిమిట్ అది. కాచి తాగితే సరిపోతుంది అనుకుంటారు చాలామంది. సరిపోదు సార్, నీళ్ళు ఆవిరైపోయి నైట్రేట్ ఇంకా చిక్కబడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. సరిగ్గా ఆ 50 మిల్లీగ్రాములున్న బోరు నీళ్ళే పంట కాలం మొత్తానికి 500 మిల్లీమీటర్లు, అంటే పొలమంతా అర మీటరు ఎత్తు నిలిచేన్ని నీళ్ళు, పెట్టాం అనుకోండి, ఎకరానికి దాదాపు 23 కిలోల నత్రజని ఆ నీళ్ళతోనే వచ్చేస్తుంది, అంటే సుమారు 50 కిలోల యూరియా! అది తెలియక పైనుంచి మళ్ళీ ఫుల్ డోస్ వేస్తున్నాం. నీళ్ళతో వచ్చిన నత్రజనిలో కొంత వృథా పోతుంది నిజమే, నీళ్ళు నిలబెట్టే వరి మడిలో అయితే చాలావరకు గాల్లోకే పోతుంది, కానీ మొక్కజొన్న, కూరగాయల్లాంటి ఆరుతడి పంటలకి ఈ లెక్క పనికొస్తుంది కదా.

భూసార పరీక్ష చేస్తారు, బోరు నీళ్ళతో ఎంత నత్రజని వస్తుందో మాత్రం రైతుకి మామూలుగా ఎవరూ చెప్పరు. రంగు మారే స్ట్రిప్ ముంచితే సుమారుగా ఎంతుందో అక్కడికక్కడే తెలిసిపోతుంది, పెద్ద ల్యాబ్ కూడా అక్కర్లేదు. మేం అడిగేది ఇంతే, బోర్లకి నైట్రేట్ టెస్ట్ చేయించి, నీళ్ళలో వచ్చేది తీసేసి మిగిలిందే వేయమని రైతుకి రాసివ్వండి. ఎన్ని తడులు, ఒక్కో తడికి ఎంతసేపు అనేది కూడా అదే కాగితం మీద ఉండాలి. డ్రిప్ పెడితే అంతా సెట్ అయిపోతుంది అంటుంటారు గానీ, డ్రిప్ కూడా గంటల తరబడి వదిలేస్తే నైట్రేట్ ఇలాగే కిందకి దిగిపోతుంది. రైతుని తిట్టి లాభం లేదు, ఆకు పసుపు తిరిగితే ఎవరికైనా చెయ్యి బస్తా మీదకే పోతుంది.

ఒకటి ముందే చెప్తున్నా, మీ పదవీకాలంలో రిజల్ట్ కనపడకపోవచ్చు. యూరోపియన్ యూనియన్ (అప్పట్లో యూరోపియన్ కమ్యూనిటీ) 1991లోనే నైట్రేట్ మీద చట్టం చేసింది, అక్కడ ఇప్పటికీ లిమిట్ దాటిన బావులున్నాయి, ఎందుకంటే పైన ఆపినా కింద నీళ్ళు బాగుపడటానికి ఏళ్ళు, కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది. అయినా సరే, వచ్చే పంటకి ముందే టెస్టులు మొదలుపెట్టండి సార్.

ఇట్లు,
బోరు నీళ్ళే పంటకి పెట్టి, అవే తాగే ఒక రైతు