గనుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: దుందుభి వాగులో రాత్రి తవ్వకాలు ఆపించండి

గౌరవనీయులైన గనుల శాఖ మంత్రి గారికి,

నాగర్‌కర్నూల్ జిల్లాలో దుందుభి వాగు ఒడ్డున సాగు చేసుకునే రైతు నమస్కరించి రాస్తున్న లేఖ.

కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో దరఖాస్తు పెట్టుకున్నాం. రసీదు చేతిలో పెట్టి, మండలానికి పంపామన్నారు. మండలంలో అడిగితే అది మైనింగ్ వాళ్లు చూడాలంటారు. మైనింగ్ వాళ్లనడిగితే రెవెన్యూ, పోలీసులు చూసుకోవాలంటారు. ఇంతకీ మా వాగు ఎవరి కింద ఉందో చెప్పే మనిషే మాకు దొరకలేదు. అందుకే మీకు రాస్తున్నాను.

ఇందిరమ్మ ఇళ్లకు ఇసుక ఉచితంగా ఇవ్వడం మంచి పని. మా ఊరికీ ఇళ్లు వచ్చాయి, కట్టుకునేవాళ్లంతా మావాళ్లే. కానీ ఆ ఉచిత ఇసుకకు ఇచ్చే ఒక్క కూపన్ చూపించి పగలూ రాత్రీ ఇసుక తోలుతున్నారు సార్. పగలు ఊళ్లో ఒకటి రెండు ట్రిప్పులు దింపుతారు. చీకటి పడ్డాక జేసీబీ వాగులోకి దిగుతుంది, ట్రాక్టర్లు లైను కడతాయి. దూరంగా కుప్ప పోసి అక్కణ్నుంచి లారీలకెత్తుతారు. తెల్లారేసరికి మా గట్లు టైర్ల కింద నలిగి ఉంటాయి. ఫోన్ చేస్తే జీపు కన్నా ముందు కబురు అందుతుంది, జీపు వచ్చేసరికి వాగులో ఎవరూ ఉండరు. ఎప్పుడైనా ఒక బండి పట్టుబడినా, జరిమానా కట్టేసి మళ్లీ అదే బండి అదే దారిన దిగుతుంది. అడ్డం పోయిన మా కుర్రాళ్లను పేరు పెట్టి బెదిరించారు. వాళ్లు ఇంటికి వచ్చేదాకా ఆడవాళ్లకు ఒకటే టెన్షన్.

పోయేది ఇసుక ఒక్కటే అయితే ఇంత బాధపడేవాళ్లం కాదు. ఎండాకాలం ఈ వాగు పైకి ఎండినట్టే కనబడేది, కానీ ఇసుకలో మోకాలి లోతు చెలిమ తీస్తే ఊట వచ్చేది. మేకల కాపరులు ఆ నీళ్లే తాగేవాళ్లు. ఇప్పుడు అక్కడ పరుపుబండ తేలింది. ఇసుక రేణువుల మధ్య పావు వంతుకు తగ్గకుండా ఖాళీ ఉంటుంది. ఒక ఘనపు మీటరు ఇసుక ఎత్తుకుపోతే కనీసం 250 లీటర్ల నీళ్లు ఆగే చోటు పోయినట్టే. వానాకాలం వరదొచ్చినా మా దగ్గర ఇంకకుండా బండ మీద జారి డిండి ప్రాజెక్టు వైపు పోతోంది. ఒడ్డున ఉన్న నా బోరు మోటారు వేస్తే కాసేపు పోసి, ఆ తర్వాత బురద నీళ్లు, ఆ పైన గాలి. పోయిన యాసంగిలో వరి సరిగ్గా పొట్ట దశలో ఎండింది. కోసి పశువులకు వేశాను. చెక్ డ్యాం కింద ఇసుక పోయి పునాది బయటపడింది, కాంక్రీటు కింద చెయ్యి దూరేంత సందు. ప్రజల డబ్బుతో కట్టిన ఆ కట్ట ఒక పెద్ద వరదకు ఆగుతుందని నాకు నమ్మకం లేదు.

చట్టం లేక కాదు. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 వాల్టా చట్టం కింద ఉన్న నిబంధనల ప్రకారం వంతెనలకు, ఆనకట్టలకు, సాగునీటి, తాగునీటి బోర్లకు 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదు. జేసీబీ దిగే చోటి నుంచి కేక వేస్తే మా చెక్ డ్యాం దగ్గర వినబడుతుంది. 1957 గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో అక్రమ తవ్వకానికి 5 ఏళ్ల దాకా జైలు ఉంది. మా దగ్గర ఒక్కరు జైలుకు పోవడం మేం చూడలేదు. నదులకు ప్రభుత్వం ధర్మకర్త అని సుప్రీంకోర్టు 1996లోనే బియాస్ నది కేసులో చెప్పింది. వాగు పోరంబోకులో రైతు ఒక గుంట దున్నితే నోటీసు వస్తుంది. అంత కాపలా కాసే ప్రభుత్వానికి రాత్రంతా నడిచే ఇంజన్ల మోత వినబడడం లేదా సార్?

కూపన్ ఇసుకను బోర్లకు, చెక్ డ్యాంలకు దూరంగా ఒకే చోటు నుంచి, పగటిపూట, కూలీలతో ఎత్తించండి. పేదవాళ్లకు పని కూడా దొరుకుతుంది. ఏ కూపన్‌కు ఎన్ని ట్రిప్పులు పోయాయో పంచాయతీ గోడ మీద రాయించండి. చెక్ డ్యాం పునాది వరదలకు ముందే బాగుచేయించండి. రాత్రిపూట వాగులోకి ఏ బండీ దిగకుండా చూడండి. మీరే ఒకసారి రండి, దండం పెట్టి అడుగుతున్నాను, ముందుగా చెప్పకుండా రండి. మిగతావి ఆలస్యమైనా సరే, ముందు ఈ రాత్రి తవ్వకం ఆపించండి. వచ్చే యాసంగికి నారు పోయాలా వద్దా అన్నది దాని మీదే ఉంది.

ఇట్లు,
దుందుభి ఒడ్డు రైతు